నాలుగో గేరు ఎక్కని ఎర్ర ట్రక్కు

లీలావతి ట్రక్కు కొన్న సంగతి, ఆ ట్రక్కు వచ్చి ఇంటిముందు ఆగేదాకా ఆమె భర్త చక్రపాణికి తెలియదు.

జనవరి మొదటి శనివారం. అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్లో రాత్రంతా కురిసిన మంచును పొద్దున్నే ఎత్తిపోసి, చక్రపాణి అప్పుడే లోపలికొచ్చి కాఫీ కలుపుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇంతలో ఒక ఎర్ర పికప్ ట్రక్కు ఎగశ్వాస తీస్తూ వీధి మలుపు తిరిగి, అతను అంత కష్టపడి శుభ్రం చేసిన డ్రైవ్‌వేలోకే వచ్చి ఆగింది. పాతికేళ్లు ఎప్పుడో దాటిన బండి. వెనక తొట్టి అంచుల్లో తుప్పు పట్టి ఉంది. ఒకదాని మీద ఒకటి రెండు కోట్లు, చెవులు మూసే టోపీ, మూతికి మఫ్లరు చుట్టుకుని అందులోంచి దిగిన శాల్తీ తన భార్యేనని పోల్చుకోవడానికి అతనికి కాసేపు పట్టింది.

"ఏంది లీలా ఇది?" తలుపు తీసి అడిగాడు.

"ట్రక్కండీ."

"అది కనబడుతుంది. ఎవరిదని అడుగుతున్న."

"మనదే." పళ్లు కటకటలాడుతున్నా నవ్వు ఆగలేదు ఆమెకి. "ముందు లోపలికి రానివ్వండి. కాళ్లు గడ్డకట్టిపోయాయి. హీటర్ కొంచెం బద్ధకం అన్నాడు అమ్మినాయన. కొంచెం కాదు."

లీలావతికి యాభై రెండేళ్లు. చీరాలలో నేతపని చేసే ఇంట్లో పుట్టింది. పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు తల్లి పక్కన మగ్గం గుంటలో కూర్చుని నేసింది. తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ చదువు, పెళ్లి, అమెరికా, ఆస్పత్రి ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్లిపోయాక ఉద్యోగాన్ని వారానికి మూడురోజులకి తగ్గించుకుంది. మిగతా నాలుగు రోజుల్లో ఏం చేయాలని ఆలోచిస్తే, చేతులకి తెలిసిన పని ఒకటే గుర్తొచ్చింది. నేతపనివాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో నెలల తరబడి వెతికితే, గేలార్డ్ అనే ఊళ్లో ఐలీ అనే ముసలావిడ దగ్గర మేపుల్ చెక్కతో చేసిన పెద్ద మగ్గం ఉందని తెలిసింది. ట్రాయ్‌కి ఉత్తరాన రెండువందల మైళ్లు. ఐలీకి ఎనభై ఆరేళ్లు, ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. ఇంకో రెండు వారాలు దాటకుండా, ఒక ఆదివారం వచ్చి మగ్గాన్ని తీసుకెళ్లేవాళ్లకి ఊరికే ఇచ్చేస్తానంది.

"ఒక్కరోజుకి అద్దె ట్రక్కు తెచ్చుకుంటే అయిపోయేది కద?" అన్నాడు చక్రపాణి.

"మగ్గం వచ్చాక నూలు తేవాలి. నేసినవి ఎగ్జిబిషన్లకి మోసుకెళ్లాలి. ప్రతిసారీ అద్దెకి పరిగెత్తనా? అయినా మీరుండగా నాకు బండి భయమేంటండీ?"

ఆ చివరి మాట చక్రపాణిని కాస్త మెత్తబరిచింది. అతనిది సిరిసిల్ల. పద్దెనిమిదేళ్లుగా ట్రాయ్‌లో, కార్ల గేర్‌బాక్సులు ఎప్పుడు ఏ గేరు వేయాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. తోటివాళ్లు అతన్ని ట్రాన్స్‌మిషన్ డాక్టర్ అంటారు. అయితే ఆ డాక్టరు ఈ పద్దెనిమిదేళ్లలో ఒక్క గేర్‌బాక్సునైనా చేత్తో ముట్టుకున్నది లేదు. అతనికి తెలిసిన గేర్‌బాక్సులన్నీ స్క్రీన్ మీద అంకెలే.

"పద, ఒక రౌండ్ వేద్దాం," అన్నాడు కాఫీ కప్పు కింద పెట్టి.

హైవే ఎక్కగానే రెండో జబ్బు బయటపడింది. అరవై మైళ్ల వేగం దాటినా ట్రక్కు మూడో గేరులోనే ఉండిపోయింది. నాలుగో గేరు పడితే ఇంజిన్ నిమిషానికి రెండువేల చుట్లు తిరిగితే చాలు. ఇక్కడ ముల్లు మూడువేల మీద వణుకుతోంది. ఇంజిన్ అరుపుకి ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. హీటర్ నుంచి వచ్చే గాలి, ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చే గాలికంటే ఏమంత వెచ్చగా లేదు.

"నాలుగో గేరు పడ్తలే!" అరిచాడు చక్రపాణి.

"ఆ?"

"గేర్‌బాక్సు పోయింది అంటున్న!"

"హీటర్ సంగతి చెప్పండి ముందు!"

ఇంటికొచ్చేసరికి ఇద్దరి ముక్కులూ ట్రక్కు రంగుకి తిరిగాయి. వేడివేడిగా పప్పుచారు అన్నం తింటూ పని పంచుకున్నారు. గేర్‌బాక్సు అతనిది, హీటర్ ఆమెది. ఒకరి పనిలో మరొకరు వేలు పెట్టకూడదు. ఆ షరతు పెట్టింది చక్రపాణే.

సోమవారం లీలావతి ట్రక్కును దగ్గర్లోని ఒక గరాజుకి తీసుకెళ్లింది. అక్కడి పెద్దమనిషి చుట్టూ తిరిగి చూశాడు, ఓ రౌండ్ నడిపాడు, గడ్డం గోక్కున్నాడు. గేర్‌బాక్సు మొత్తం విప్పి తిరగకట్టాలన్నాడు. హీటర్‌కైతే డ్యాష్‌బోర్డు అంతా పీకి, లోపలుండే చిన్న రేడియేటర్ లాంటిదాన్ని మార్చాలన్నాడు. అంచనా కాగితం చూస్తే, ఆ డబ్బుతో ఇలాంటి ట్రక్కు ఇంకోటి కొనుక్కోవచ్చు. లీలావతి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుని, "ఆలోచించి చెప్తాం" అని వచ్చేసింది.

"గేర్‌బాక్సు విప్పుడా? వాళ్లకేం తెలుసు?" అన్నాడు చక్రపాణి ఆ సాయంత్రం. డాక్టర్ పౌరుషం పొడుచుకొచ్చింది. "ఈ శనివారం నేనే చూస్త."

శనివారం నాటికి సరంజామా అంతా దిగింది. బండి కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్ ఆఫీస్ నుంచి తెచ్చుకున్నాడు. కొత్త ఫిల్టరు, నాలుగు సీసాల గేర్ ఆయిల్ కొన్నాడు. ట్రక్కు పొడుగెక్కువై గరాజులో పట్టదు కాబట్టి డ్రైవ్‌వేలోనే, మంచు మీద ప్లాస్టిక్ పట్టా పరుచుకుని పడుకున్నాడు. స్కానర్ పెట్టి చూస్తే తప్పులేమీ చూపించలేదు. ఆయిల్ వాసన చూశాడు, మాడిన వాసన లేదు. అయితే ఫిల్టరే మూసుకుపోయి ఉంటుందని తేల్చి, గేర్‌బాక్సు కిందుండే పళ్లెం బోల్టులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.

పళ్లెం నిదానంగా ఒకవైపు నుంచి దించాలని అతను చూసిన వీడియోలో చెప్పారు. చలికి వేళ్లు కొంకర్లు పోయి ఆఖరి బోల్టు జారింది. పళ్లెం ఒక్క ఊపున కిందికి వచ్చింది. లీటర్ల కొద్దీ ఎర్రటి ఆయిల్ అతని చేతుల మీదుగా, పట్టా మీదుగా, తెల్లటి మంచులోకి పారింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి మిసెస్ నోవాక్ కుక్కను తిప్పడానికి వచ్చింది. ఆమెకి కనపడిందల్లా ట్రక్కు కింద నుంచి బయటికొచ్చిన రెండు కాళ్లు, వాటి చుట్టూ ఎర్రబడ్డ మంచు. ఆమె కేక విని వంటింట్లోంచి లీలావతి పరిగెత్తుకొచ్చింది. మిసెస్ నోవాక్ అప్పటికే ఫోన్ తీసి అంబులెన్స్‌కి నంబర్ నొక్కుతోంది.

"ఐ యామ్ ఫైన్! ఇట్స్ ఆయిల్!" ట్రక్కు కింద నుంచి మొత్తుకుంటున్నాడు చక్రపాణి.

కుక్క ఆ ఎర్రమంచును వాసన చూసి తుమ్మింది. లీలావతి నవ్వు ఆపుకోలేక ట్రక్కు తలుపు పట్టుకుని నిలబడింది. మిసెస్ నోవాక్ కూడా గుండెల మీద చేయి వేసుకుని నవ్వింది. కాసేపటికి ఇంటికెళ్లి, ఆయిల్ పీల్చుకుంటుందని పెంపుడు పిల్లుల దొడ్డికి వాడే పొడిమట్టి ఒక సంచీడు తెచ్చిచ్చింది. ఆ మధ్యాహ్నమంతా మొగుడూ పెళ్లాలిద్దరూ ఎర్రమంచును పారలతో ఎత్తి, జాగ్రత్తగా డబ్బాల్లో నింపారు.

కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్ వేశాక చక్రపాణి మహా ధీమాగా హైవే ఎక్కాడు. అరవై మైళ్లు, మూడువేల చుట్లు. నాలుగో గేరు పడలేదు. తిరిగొచ్చి బూట్లు విప్పి గుమ్మం పక్కన పడేశాడు. రాత్రికి లీలావతి అతనికిష్టమని సర్వపిండి కాల్చిపెట్టింది. అతను తిన్నాడుగానీ, పడుకోబోయే ముందు చెప్పాడు:

"వచ్చే వారం ఆదివారానికి అద్దె ట్రక్కు బుక్ చేసిన లీలా. మగ్గం ఆగిపోవద్దు కద."

ఆమెకి కోపం రాలేదు. తన కోసమే చేశాడని తెలుసు. కానీ ట్రక్కును అప్పుడే వదిలేయబుద్ధి కాలేదు. తన వంతు పని ఇంకా మొదలుపెట్టనే లేదు.

లీలావతికి ఇంజిన్లు తెలియవు. ఆమెకి తెలిసింది శాంపిళ్లు. ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్లు ఆమె నేర్చుకున్న పద్ధతి చాలా చిన్నది. ముందు కొలవాలి, కొలిచింది రాయాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి. మంగళవారం సెలవు. ట్రక్కు స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఫోన్‌లో ఒక వీడియో పెట్టుకుని నిలబడింది. ఇంజిన్‌లో వేడెక్కిన నీళ్లు ఒక గొట్టంలోంచి హీటర్‌లోకి వెళ్లి, ఇంకో గొట్టంలోంచి తిరిగి వస్తాయి. హీటర్ మూసుకుపోయి ఉంటే వెళ్లే గొట్టం వేడిగా, వచ్చే గొట్టం చల్లగా ఉంటుంది. చేత్తో పట్టుకుని చూసింది. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.

"అంటే హీటర్‌కి రోగమేమీ లేదు," అనుకుంది పైకే. "దానికొచ్చే నీళ్లే వేడిగా లేవు."

వంటింట్లోకి వెళ్లి, దోసెల పెనం వేడి చూసుకోవడానికి కొన్న థర్మామీటర్ తెచ్చింది. పిస్తోలులా గురిపెట్టి మీట నొక్కితే ఎంత వేడో చెప్తుంది. ఇంటి ముందే ఇరవై నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూస్తే గొట్టం మీద నూట యాభై డిగ్రీల ఫారెన్‌హీట్. వీధుల్లో నెమ్మదిగా తిప్పి ఆపి చూస్తే నూట ముప్పై. హైవే మీద పది మైళ్లు పోయి, పక్కన పెట్రోల్ బంకులో ఆగి చూస్తే నూట నాలుగు.

నూట నాలుగు! మనిషికైతే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన జ్వరం. ఇంజిన్‌కి మాత్రం వణికే చలి. డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు కూడా అడుగునే పడుకుని ఉంది. ఆ ముల్లు గురించి మొదటిరోజే అడిగితే, పాత బండి కదా, ముల్లు పాడైపోయి ఉంటుందిలే అని తీసిపారేశాడు చక్రపాణి.

పెట్రోల్ బంకులో, స్టీరింగ్ మీద నోటుబుక్కు పెట్టుకుని, ఆ మూడు అంకెలకేసి చూస్తూ కూర్చుంది. ఎంత వేగంగా పోతే అంత చల్లబడుతోంది. వేగంతో పాటు పెరిగేది ఏమిటి? ముందునుంచి కొట్టే గాలి. ఎదురుగా ఒక పెద్ద లారీ వచ్చి ఆగింది. దాని మూతికి, చలికి గుడ్డ కట్టుకున్నట్టు, నల్లటి ముసుగు తొడిగి ఉంది. లీలావతి దాన్ని చూసింది. ఎన్నో చలికాలాలుగా హైవేల మీద అలాంటి ముసుగుల లారీలు చూస్తూనే ఉంది. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు.

శనివారం పొద్దున వెట్ గ్రైండర్ వచ్చిన అట్టపెట్టెను విప్పి, కొలిచి, కత్తిరించి, ట్రక్కు ముందు జాలీ వెనక, ఎదురుగాలి లోపలికి కొట్టకుండా దూర్చింది. చక్రపాణి కాఫీ తాగుతూ వచ్చి చూశాడు.

"ఏం చేస్తున్నవ్?"

"నా పని నేను చేసుకుంటున్నా. వేలు పెట్టకూడదన్నారుగా?"

"ఇంజిన్ ఉడికిపోతది లీలా."

"మీరే పక్కన కూర్చుని ముల్లు చూడండి. పైకి లేస్తే అట్ట తీసేద్దాం."

ఆమె నడిపింది, అతను పక్కన కూర్చున్నాడు. బయట పద్నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్, నీళ్లు గడ్డకట్టే చలి. హైవే ఎక్కి నాలుగు మైళ్లు పోయేదాకా ఏమీ మారలేదు. ఐదో మైలుకి ముల్లు కొద్దిగా కదిలింది. ఆరో మైలుకి లీలావతి వేళ్లకి వెచ్చటి గాలి తగిలింది. భ్రమ కాదు, నిజంగా వెచ్చటి గాలి. "వస్తోందండీ!" అని ఆమె అంటుండగానే, అంతసేపూ గొంతు చించుకుంటున్న ఇంజిన్ ఒక్కసారిగా సద్దుమణిగింది.

లీలావతి బెదిరిపోయి కాలు తీసేసింది. "అయ్యో, ఏదో విరిగిపోయినట్టుంది!"

చక్రపాణి ఇంజిన్ చుట్లు చూపించే ముల్లుకేసి చూస్తున్నాడు. రెండువేలు.

"తొక్కు," అన్నాడు మెల్లగా. "కాలు తియ్యకు, తొక్కు."

ఆమె తొక్కింది. అరవై, అరవై అయిదు. ట్రక్కు హాయిగా, చప్పుడు లేకుండా పోతోంది.

"నాలుగో గేరు పడ్డది," అన్నాడు. "నువ్వేం చేసినవ్?"

"నేనేం చేశాను? అట్ట పెట్టాను, అంతే. హీటర్‌కి."

అతను స్కానర్ తీసి తగిలించాడు. వారం క్రితం అందులో గేర్‌బాక్సు పేజీలే తిప్పి తిప్పి చూశాడు. ఇప్పుడు ఇంజిన్ పేజీ తెరిచాడు. నీళ్ల వేడి నూట అరవై రెండు, ఇంకా పెరుగుతోంది. కాసేపు ఆ అంకెను చూశాడు. తర్వాత రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

"ఏమైందండీ? ఒంట్లో బాగుందా?"

"లీలా," అన్నాడు చేతుల్లోంచే. "ఈ రూల్ నేనే రాస్త."

"ఏ రూలు?"

"ఇంజిన్ చల్లగ ఉన్నంతసేపు పై గేరు వెయ్యొద్దని. తొందరగ వేడెక్కాలె కద, అందుకని. ప్రతి బండికీ ఉంటది. పద్దెనిమిదేండ్ల సంది రాస్తున్న. ఈ బండికి ఎవడో నాలాంటోడే రాసి పెట్టిండు. గేర్‌బాక్సు మంచిగనే ఉన్నది! ఇంజిన్ వేడెక్కలే అని, పాపం, చెప్పినట్టు వింటున్నదంతే." చేతులు దించి ఆమెకేసి చూశాడు. "చంకల పిల్లను పెట్టుకుని ఊరంత వెతికిన. మంచుల పండుకుని మరీ వెతికిన."

లీలావతి మొదట నవ్వలేదు. మొగుడి మొహం చూసి, పెదవి బిగబట్టి, ఒక మైలు ఓపిక పట్టింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. అతను కూడా మొదలుపెట్టాడు. రోడ్డు కనపడనంతగా నవ్వొస్తుంటే ముందొచ్చిన ఎగ్జిట్‌లో దిగి, ఒక షాపు ముందు బండి ఆపి, కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు గానీ తెలియలేదు, లోపల ఎంత ఉక్కగా ఉందో. ఇద్దరూ కోట్లు విప్పేశారు.

"మా డాక్టర్లు అంటుంటారు," అంది లీలావతి, "రెండు జబ్బులని రాసేముందు, ఒకే జబ్బు రెండుచోట్ల కనపడుతోందేమో చూసుకోవాలని."

"ఇంతకీ ఆ జబ్బు ఏందో నాకిప్పుడు తెలుసు," అన్నాడు చక్రపాణి. "థర్మోస్టాట్."

ఇంజిన్ నీళ్లకు అదొక కాపలా తలుపు. నీళ్లు బాగా వేడెక్కేదాకా మూసుకుని, ఇంజిన్‌లోనే తిప్పుతుంది. వేడెక్కాక తెరుచుకుని, చల్లబడటానికి రేడియేటర్‌లోకి పంపుతుంది. ఆ తలుపు ఎప్పుడూ తెరుచుకునే ఉంటే, చలికాలంలో ఇంజిన్ ఎన్ని మైళ్లు పోయినా వేడెక్కదు. దారిలోనే స్పేర్ పార్టుల షాపుకెళ్లి కొత్తది కొన్నారు. అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి ముక్క. దాని ఖరీదు ఇద్దరి భోజనం కన్నా తక్కువ.

ఇంటికి రాగానే బిగిద్దామన్నాడు చక్రపాణి. లీలావతి ఒప్పుకోలేదు.

"పరీక్ష చేయకుండా ఏదీ వాడం. కొత్తదైనా సరే."

స్టవ్ మీద గిన్నెలో నీళ్లు పెట్టి, ఆ ఇత్తడి ముక్కను దారంతో వేలాడదీసి ముంచింది. మిఠాయి పాకానికి వాడే థర్మామీటర్ పక్కన పెట్టింది.

"అది నా చాయ్ గిన్నె కద?" అన్నాడు చక్రపాణి.

"ఇవాళ్టి నుంచి కాదులెండి."

ఇద్దరూ గిన్నె మీదికి వంగి చూశారు. నూట ఎనభై దాకా చలనం లేదు. నూట తొంభై దాటాక ఇత్తడి పెదవి సన్నగా విచ్చుకుంది. రెండువందలకి బాగా తెరుచుకుంది. పద్దెనిమిదేళ్లు అంకెల్లోనే ఆ క్షణాన్ని చూసినవాడు, ఇప్పుడు కళ్లతో చూస్తూ కళ్లద్దాలకి ఆవిరి పట్టినా కదల్లేదు. "మళ్లోసారి చేద్దామా?" అన్నాడు. చల్లార్చి మళ్లీ చేశారు.

ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, మధ్యాహ్నం రెండింటికి పని మొదలైంది. ఈసారి షరతుల్లేవు. అతను బకెట్ పెట్టి నీళ్లు వంచాడు, ఆమె పై గొట్టం విప్పింది. రెండు బోల్టులు తీసి మూత ఎత్తితే పాత థర్మోస్టాట్ కనపడాలి. మూత ఎత్తారు. లోపల టార్చి వేసి చూశారు. మళ్లీ చూశారు. అక్కడ పాతదీ లేదు, విరిగినదీ లేదు. ఖాళీగా ఉంది.

"ఎవరో తీసేసిన్రు," అన్నాడు చక్రపాణి.

లీలావతి అక్కడికక్కడే, గ్రీజు చేతుల్తోనే, ట్రక్కు అమ్మిన ఆయనకి ఫోన్ చేసింది. ఆయన పేరు వాల్టర్. రోమియో అనే ఊరి బయట యాపిల్ తోట ఉంది. సంగతి వినగానే ఫోన్‌లో పెద్ద గొంతుతో నవ్వు. ఎన్నో ఏళ్ల కిందట ఒక జులైలో, తోట మధ్యలో బండి ఉడికిపోతే, అప్పటికి గడవాలని దాన్ని పీకి పారేశాడట. తర్వాత రేడియేటర్ మార్చాడుగానీ, పీకినదాని సంగతే మర్చిపోయాడట. ట్రక్కును యాపిల్ కోతల కాలంలో తోటలో తిప్పడమే తప్ప, చలికాలంలో తీసిందీ లేదు, హైవే ఎక్కించిందీ లేదు. పాపం చాలా నొచ్చుకున్నాడు. వచ్చే కోతలకి వచ్చి, ట్రక్కు తొట్టి నిండా యాపిల్స్ నింపుకెళ్లమన్నాడు.

చీకటిపడేలోపు కొత్తది బిగించారు, నీళ్లు నింపారు, ఇంజిన్ ఆన్ చేసి లోపలి గాలి బుడగలు పోయేదాకా కాపలా కాశారు. అట్ట లేకుండా హైవే ఎక్కారు. నాలుగో మైలుకే నాలుగో గేరు పడింది. ముల్లు నడిమధ్యకి వచ్చి నిలబడింది. చక్రపాణి ఫోన్ తీసి, అద్దె ట్రక్కు క్యాన్సిల్ చేశాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి బయల్దేరి, పదిన్నరకి గేలార్డ్ చేరారు. ఐలీ తలుపు దగ్గరే నిలబడి ఉంది. చిన్న మనిషి, తెల్లటి జడ. ఫిన్లాండ్ నుంచి వచ్చిన కుటుంబం, మగ్గం ఆవిడ తండ్రి చేతులతో చేసింది. ఇల్లంతా పెట్టెలు కట్టేసి ఉంది. మగ్గం మాత్రం విప్పలేదు. దాని మీద ఇంకా పడుగు ఉంది. సగం నేసిన నీలిరంగు గుడ్డ.

విప్పడానికి చక్రపాణి పానా తీశాడు. ఐలీ అతన్ని ఆగమని చేయి చూపించి, లీలావతికి పేక దారం చుట్టిన నాడె అందించింది. కూర్చోమని బల్ల చూపించింది.

లీలావతి బల్ల మీద కూర్చుంది. ఆఖరిసారి నాడె పట్టి ముప్ఫై నాలుగేళ్లయింది. ఇది గుంట మగ్గం కాదు, తొక్కుడు చెక్కలు ఆరున్నాయి, ఏది ముందో తెలియదు. మొదటిసారి విసిరితే నాడె పడుగులో చిక్కుకుంది. రెండోసారి కింద పడింది. చక్రపాణి వంగి తీసిచ్చాడు. ఐలీ పక్కన కూర్చుని, తన కాలు మెల్లగా లీలావతి కాలి మీద పెట్టి, రెండు చెక్కలు వరసగా తొక్కించింది. ఎడమ, కుడి. ఎడమ, కుడి.

తర్వాత ఆ కాలు తీసేసింది. లీలావతి కాళ్లు ఆగలేదు. పేక అటూ ఇటూ పోతోంది, దారాన్ని బిగించే పలకను దగ్గరికి లాగి కొడుతోంది. పది వరసలయ్యాయి, ఇరవై అయ్యాయి. నేసిన చోట వేలితో తడిమి చూసి, ఐలీ ఫిన్నిష్‌లో ఏదో అంది. అర్థం అడగాలని ఎవరికీ అనిపించలేదు. చక్రపాణి గుమ్మం దగ్గర ఇద్దరి కోట్లు చేతుల మీద వేసుకుని, కదలకుండా నిలబడి చూస్తున్నాడు.

విప్పడానికి మూడు గంటలు పట్టింది. ప్రతి ముక్కకీ ఐలీ ఒక నంబరు రాసి దారంతో కట్టింది. పక్కింటివాళ్లిద్దరు వచ్చి సాయం పట్టారు. తొట్టిలో కంబళ్లు పరిచి, చెక్కలు పేర్చి, పైన టార్పాలిన్ బిగించారు. సగం నేసిన నీలిగుడ్డను మాత్రం అది చుట్టుకునే దోనెతో సహా చుట్టి, లీలావతి సీటు వెనక పెట్టుకుంది. మిగతా సగం నేసి ఫోటో పంపమని ఐలీ చెప్పింది.

తిరుగు ప్రయాణంలో కూడా లీలావతే నడిపింది. మధ్యాహ్నపు ఎండ మంచు మీద పడి రోడ్డుకి అటూ ఇటూ మెరుస్తోంది. మొదటి యాభై మైళ్లు చక్రపాణి మగ్గం ఎక్కడ పెట్టాలో, బేస్‌మెంట్‌లో ఏ దీపాలు మార్చాలో చెప్తూనే ఉన్నాడు. ఆ తర్వాత మాటల మధ్య ఎడం పెరిగింది. ఒకదానికి జవాబు చెప్పి, ఇంకో మాట రాకపోతే లీలావతి పక్కకి చూసింది. తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, చక్రపాణి నిద్రపోతున్నాడు.

పాతికేళ్ల కాపురంలో, ఆమె బండి నడుపుతుంటే అతను నిద్రపోవడం ఇదే మొదటిసారి. ఆమె నవ్వుకుని, హీటర్ శబ్దం కాస్త తగ్గించి, అరవై దగ్గరే వేగం నిలిపి, ఇంటివైపు పోనిచ్చింది.